బాల్కనీలో కాక్టస్ కుండీలు, ఇంట్లో కొత్త కుక్కపిల్ల: రెండూ కలిసి ఉండవచ్చా?

బాల్కనీ_తోట
మేము కూకట్‌పల్లిలో రెండో అంతస్తులో ఉంటున్నాము. ఎండ బాగా తగిలే బాల్కనీ కావడంతో కొన్నేళ్లుగా అక్కడ కాక్టస్‌లు, సక్యులెంట్లు (ఆకుల్లోనో కాడల్లోనో నీరు దాచుకునే దళసరి మొక్కలు) పెంచుతున్నాను. ఈ మధ్యనే నాలుగు నెలల దేశవాళీ కుక్కపిల్లను దత్తత తీసుకున్నాము. దానికి ఇప్పుడు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్నందువల్ల చెప్పులు, కుర్చీ కాళ్లు, తలుపు అంచులు, ఏదీ వదలకుండా కొరుకుతోంది. నిన్న ఒక కుండీ అంచును నాకుతూ కనిపించింది. మా అత్తగారు ముళ్ల మొక్కలన్నీ విషమేనని, వెంటనే తీసి పారేయమని అంటున్నారు. ఫోనులో వెతికితే కాక్టస్ కుక్కలకు విషం కాదని ఒక చోట, ప్రాణానికే ప్రమాదమని మరొక చోట రాసి ఉంది. నా దగ్గర ఉన్నవాటిలో ఎర్రటి తలతో ఉండే మూన్ కాక్టస్ ఒకటి, చెవుల ఆకారంలో పసుపు చుక్కలుండే బన్నీ ఇయర్ ఒకటి, నర్సరీలో కాక్టస్ అని చెప్పి అమ్మిన మూడు పలకల పొడవాటి మొక్క ఒకటి ఉన్నాయి. ఆ చివరిదానికి అంచుల వెంట చిన్న చిన్న ఆకులు కూడా వస్తాయి. వీటిలో ఏవి ఉంచుకోవచ్చు, ఏవి తీసేయాలి?

చెరువుగట్టు
పారేయాల్సిన అవసరం ఏమీ లేదు. కుక్క ఒకసారి ముక్కు పెట్టి ముల్లు గుచ్చుకుంటే మళ్లీ ఆ దరిదాపులకు రాదు. మా ఇంట్లో పెరిగిన రెండు కుక్కలూ అలాగే నేర్చుకున్నాయి.

పశువైద్యురాలు_గుంటూరు
చెరువుగట్టు గారూ, మీరు చెప్పిన ఆ ఒక్కసారి ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందన్నదే అసలు సమస్య. ముక్కు మీద ఒక పెద్ద ముల్లు గుచ్చుకుంటే పీకేస్తే సరిపోతుంది. అదే ముల్లు కంటి నల్లగుడ్డుకు తగిలితే చూపే పోవచ్చు. అందువల్ల దాన్ని నేర్పే పద్ధతిగా నేను ఒప్పుకోలేను.

బాల్కనీ_తోట గారూ, మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి. మొదటిది విషం. ఇళ్లలో పెంచే నిజమైన కాక్టస్ కుటుంబపు మొక్కల్లో దాదాపు అన్నింటి గుజ్జూ కుక్కకు విషం కాదు. ఎక్కువగా తింటే పీచు పదార్థం వల్ల వాంతో విరేచనాలో అయి, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. రెండోది గాయం. నా దగ్గరికి కాక్టస్ వల్ల వచ్చే కుక్కలన్నీ గాయంతో వచ్చేవే తప్ప విషంతో వచ్చేవి కావు. కాకపోతే మీరు చెప్పిన మూడు పలకల మొక్క మీద నాకు అనుమానంగా ఉంది. దాని ఆకు ఒకటి తుంచినప్పుడు తెల్లటి పాలు కారుతున్నాయేమో చూడండి. చూసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, ఆ చేతితో కళ్లు తుడుచుకోకండి.

రెండు_తోకలు
మా లాబ్రడార్ విషయంలో కాక్టస్ కంటే దాని తోకతోనే ఎక్కువ ప్రమాదం. ఎవరైనా ఇంటికి వస్తే చాలు, ఆనందంతో తోక ఊపి టీపాయ్ మీది కుండీలన్నీ కింద పడేస్తుంది. కాబట్టి మొక్క ఏదన్నది ఎంత ముఖ్యమో, ఎంత ఎత్తులో ఉందన్నది కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

బాల్కనీ_తోట
తుంచి చూశాను. ఆకు విరిచిన చోట వెంటనే చిక్కటి తెల్లటి పాలు వచ్చాయి.

కడియపులంక_నర్సరీ
అయితే అది కాక్టస్ కాదు, పాలు కారే జెముడు జాతికి చెందిన యుఫోర్బియా ట్రైగోనా. మా ప్రాంతపు నర్సరీలలో కూడా దాన్ని కాక్టస్‌ల వరుసలోనే పెట్టి అమ్ముతారు. మోసం చేయాలన్న ఉద్దేశంతో చేసే పని కాదు కానీ, కొనేవారి ఇంట్లో కుక్క ఉందో లేదో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

తేడా గుర్తుపట్టడానికి ముళ్ల మొదలు చూడాలి. నిజమైన కాక్టస్‌లో ప్రతి ముళ్ల గుత్తి కిందా నూలు పోగులతో చేసినట్లుండే చిన్న మెత్తటి దిమ్మె ఉంటుంది, ముళ్లూ పూలూ అందులోంచే వస్తాయి. ఆ దిమ్మె కాక్టస్ కుటుంబంలో తప్ప మరెక్కడా కనిపించదు. యుఫోర్బియాలో ఆ దిమ్మె ఉండదు, ముళ్లు చాలా వాటిలో జంటలుగా నేరుగా పలక అంచు నుంచే పుడతాయి. పాలు కారడం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఎందుకంటే మామిలేరియా అనే గుండ్రటి చిన్న కాక్టస్‌లలో కొన్నింటికి కూడా పాలు కారతాయి, అవి యుఫోర్బియా పాలలాంటివి కావు. పాలు, ముళ్ల మొదలు, రెండూ కలిపి చూస్తే పొరపాటు జరగదు.

మీ మూన్ కాక్టస్ విషయం కూడా చెబుతాను. అది ఒక్క మొక్క కాదు, అంటు కట్టిన రెండు మొక్కలు. పైన ఉండే ఎర్రటి లేదా పసుపు గుండుకు పచ్చదనం ఉండదు కాబట్టి సొంతంగా ఆహారం తయారుచేసుకోలేదు. కింద ఉండే పచ్చటి కాడ సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతికి చెందినది. రెండూ కాక్టస్‌లే, రెండింటిలోనూ విషం లేదు. ముళ్ల సంగతి మాత్రం చూసుకోవాలి.

నల్గొండ_పల్లె
ఈ భయం నాకు కొంచెం అతిగా అనిపిస్తోంది. మా ఊళ్లో పొలం గట్ల మీద జెముడు కంచెలు తరతరాలుగా ఉన్నాయి, పాలు కారే జెముళ్లూ ఉన్నాయి, నాగజెముళ్లూ ఉన్నాయి. వాటి సందుల్లోంచే కుక్కలు తిరుగుతుంటాయి. జెముడు తిని చచ్చిపోయిన కుక్కను నేను చూడలేదు, మా తాతగారూ చూడలేదు.

పశువైద్యురాలు_గుంటూరు
నల్గొండ_పల్లె గారూ, మీరు చెప్పింది నిజమే, నేను కూడా యుఫోర్బియా తింటే చచ్చిపోతుందని చెప్పడం లేదు. ఆ పాలు నోట్లో పడగానే మంట పుడుతుంది, అందుకే ఏ కుక్కా కడుపు నిండా తినదు. చొంగ కారడం, నోటిని కాళ్లతో రుద్దుకోవడం, వాంతులు కావడం వరకే తరచుగా జరిగేది. నా భయమంతా కంటి గురించే. పాలు అంటిన ముంగాలితో కుక్క కళ్లు రుద్దుకుంటే నల్లగుడ్డు వాచి పుండు పడుతుంది. మనుషులకు కూడా జెముడు పాలు కంట్లో పడితే ఇదే జరుగుతుందని మీ ఊళ్లో పెద్దలకు తెలిసే ఉంటుంది.

ఇంకొక తేడా ఉంది. గట్ల మీద తిరిగే కుక్కకు తిరగడానికి ఊరంతా ఉంటుంది. రెండో అంతస్తులో పగలంతా ఒంటరిగా ఉండే నాలుగు నెలల పిల్లకు ఆకలి వల్ల కాకుండా, చిగుళ్ల దురద వల్లా, తోచకపోవడం వల్లా కొరకాలనిపిస్తుంది. ఎదురుగా ఏది ఉంటే అదే నోట్లో పెట్టుకుంటుంది.

నల్గొండ_పల్లె
కంటి సంగతి ఒప్పుకుంటాను. మా మేనమామకు కంచె కొడుతుండగా పాలు చింది కంట్లో పడితే చాలా రోజులు వెలుతురు చూడలేకపోయాడు.

ఫీనిక్స్_నుంచి
మేము అరిజోనాలో ఉంటున్నాము. ఇక్కడ కాక్టస్ కుండీలో కాదు, నడిచే దారి పక్కనే ఉంటుంది. చోయా అనే రకం ఉంది, దాని కణుపులు చాలా తేలికగా ఊడి, కొంచెం తగిలినా బొచ్చుకు అంటుకుపోతాయి. ముళ్ల చివర్లు వెనక్కి తిరిగిన కొక్కేలలా ఉంటాయి కాబట్టి లాగేకొద్దీ చర్మం పైకి లేస్తుంది కానీ ముల్లు రాదు. కుక్క దాన్ని నోటితో పీక్కోబోతే నాలుకకూ పెదవులకూ ఎక్కుతుంది, అప్పుడు పని రెట్టింపవుతుంది. ఇక్కడ కుక్కలను నడకకు తీసుకెళ్లేవారు చాలామంది జేబులో ఒక పెద్ద పళ్ల దువ్వెన, ఒక పట్టకారు పెట్టుకుంటారు. దువ్వెన పళ్లను కణుపుకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్కసారిగా ఎగరగొట్టాలి, ఆ తర్వాత మిగిలిన ముళ్లను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీయాలి. చేత్తో పట్టుకుంటే మన చేతికి అంటుకుంటుంది. ఎగిరిపడిన ముక్క మీదికి రాకుండా పక్కన ఎవరూ లేని వైపుకు కొట్టాలి.

చెరువుగట్టు
బన్నీ ఇయర్‌కు ముళ్లే లేవు కదా, దాన్ని ఉంచుకోవచ్చనుకుంటాను. మిగతావాటి సంగతి మీరు చెప్పినట్లే కానివ్వండి.

కడియపులంక_నర్సరీ
చెరువుగట్టు గారూ, ఆ మూడింటిలో ఇంట్లో ఉంచకూడనిది ఏదంటే నేను మొదట బన్నీ ఇయర్ పేరే చెబుతాను. అది నాగజెముడు జాతిదే. దానికి పెద్ద ముళ్లు లేని మాట నిజమే, కానీ ఆ పసుపు చుక్కలు ఒక్కొక్కటీ వందల నూగు ముళ్ల కట్ట. మేము కుండీలు మార్చేటప్పుడు దళసరి తొడుగులు వేసుకున్నా కూడా అవి బట్టల్లోంచి దూరి మణికట్టు దగ్గర గుచ్చుకుంటాయి. కంటికి సరిగా కనబడవు, వెలుతురుకు ఎదురుగా చెయ్యి పట్టి చూస్తే బంగారు రంగు వెంట్రుకల్లా మెరుస్తాయి. తీస్తే విరిగిపోతాయి, విరిగిన ముక్క లోపలే ఉండి వారాల తరబడి దురద పెడుతుంది. చూడ్డానికి మఖమల్‌లా ఉండటం వల్ల పిల్లలూ కుక్కపిల్లలూ దాన్నే ముట్టుకుంటారు.

పశువైద్యురాలు_గుంటూరు
ఈ మాటకు నేను పూర్తిగా మద్దతిస్తున్నాను. నూగు ముళ్లు నాలుక కిందా, చిగుళ్ల మీదా చేరితే మెలకువగా ఉన్న కుక్క నోరు తెరవనివ్వదు, మత్తు ఇచ్చి భూతద్దం పెట్టుకుని తీయాల్సి వస్తుంది. తీయకుండా వదిలేస్తే కొన్ని చోట్ల గడ్డలు కట్టి చీము పడుతుంది.

శ్రావణి_మిద్దె
మరి ఇలాంటిది జరిగితే ఆసుపత్రికి వెళ్లేలోపు ఇంట్లో ఏం చేయాలో చెప్పండి. మా ఇంట్లో కుక్క ఏది తిన్నా ఉప్పు నీళ్లు తాగించి కక్కిస్తారు, గాయానికి పసుపు అద్దుతారు. నొప్పికి మేము వేసుకునే మాత్రలోనే సగం ఇచ్చినవారు కూడా మా వీధిలో ఉన్నారు.

పశువైద్యురాలు_గుంటూరు
ముందుగా చేయకూడనివి చెబుతాను, ఎందుకంటే మొక్క కంటే వాటి వల్లే ఎక్కువ నష్టం జరగడం చూశాను. ఉప్పు నీళ్లు తాగించకండి. రక్తంలో సోడియం పెరిగి మూర్ఛలు వస్తాయి, చిన్న కుక్కపిల్లలకు ప్రాణాపాయం కూడా. యుఫోర్బియా పాలు మింగితే అసలు కక్కించనే కూడదు, దిగేటప్పుడు మండించిన పాలే పైకి వస్తూ గొంతును రెండోసారి మండిస్తాయి. మనుషుల నొప్పి మాత్రలు సగం కాదు, పావు కూడా ఇవ్వకండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది.

పాలు నోటికి అంటితే తడిగుడ్డతో పెదవులు, చిగుళ్లు తుడిచి, నోటిలో పక్క నుంచి కొద్దికొద్దిగా నీళ్లు పోసి కడగండి, తల పైకెత్తి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంట్లో పడితే గోరువెచ్చని శుభ్రమైన నీటితో పది పదిహేను నిమిషాలు ఆపకుండా కడిగి, అదే రోజు వైద్యునికి చూపించండి. ఒక కన్ను మూసే ఉంచడం, వెలుతురు నుంచి మొహం తిప్పేసుకోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. బొచ్చు మీద పడిన పాలను సబ్బు నీళ్లతో కడగాలి, కడిగేవారు తొడుగులు వేసుకోవాలి.

ముళ్ల విషయానికి వస్తే, కనిపించే పెద్ద ముల్లును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, అది దూరిన దిశలోనే వెనక్కి నిటారుగా లాగండి. అడ్డంగా వంచితే విరుగుతుంది. పొట్ట దగ్గర బొచ్చు లేని చోట నూగు ముళ్లుంటే వెడల్పాటి అంటుపట్టీ వేసి మెల్లగా ఊడదీస్తే కొన్ని వస్తాయి. నోటి లోపల, కంటి చుట్టూ, కీళ్ల మీద ఉన్నవాటిని ఇంట్లో ముట్టుకోకండి. మెడకు శంకు ఆకారపు పట్టీ ఉంటే వేయండి, లేకపోతే కారులో ఎవరైనా ముందుకాళ్లు పట్టుకుని కూర్చోండి. మొక్క ముక్క ఒకటి సంచిలో వేసుకుని రండి. ఏ మొక్కో చూసి చెప్పగలిగితే మాకు సగం సమయం కలిసి వస్తుంది.

బెజవాడ_మొక్కలు
మొక్క గురించే అందరూ మాట్లాడుతున్నారు, కుండీలో మట్టి గురించి కూడా చూడాలి. బాల్కనీ_తోట గారు కుక్క కుండీ అంచు నాకిందని రాశారు. మీరు ఎరువుగా ఏం వేస్తున్నారు? మా మేడ మీద తోటలో ఆముదపు పిండి, ఎముకల పొడి కలిపి వేసేవాళ్లం. మా కుక్క ఆ వాసనకు కుండీ తవ్వి తినేసింది. మర్నాడు రక్త విరేచనాలు మొదలయ్యాయి. ఆముదం గింజలోని రైసిన్ విషం నూనెలోకి రాదట, పిండిలోనే మిగిలిపోతుందట. సరిగ్గా వేడి చేసి తీసిన పిండైతే విషం చచ్చిపోతుంది, కానీ మనం కొన్న సంచిలో పిండి ఎలా తీశారో మనకెలా తెలుస్తుంది? సెలైన్ ఎక్కించి ఎంతో కష్టపడితే గానీ అది బతకలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేపపిండి, వర్మీకంపోస్టు తప్ప మరేదీ రానివ్వలేదు.

బాల్కనీ_తోట
నేను వేసేది వర్మీకంపోస్టే. అయితే వానాకాలంలో నత్తలు వస్తున్నాయని కిందటి సంవత్సరం నీలి రంగు గుళికలు చల్లాను. పైన తెల్ల గులకరాళ్లు పరిచాను.

పశువైద్యురాలు_గుంటూరు
ఆ గుళికలు మెటాల్డిహైడ్ అనే నత్తల మందు అయితే, మీ బాల్కనీలో ఉన్న అన్ని మొక్కల కంటే అదే పెద్ద ప్రమాదం. అవి తిన్న కుక్కకు కొద్ది గంటల్లోనే వణుకు, మూర్ఛలు, విపరీతమైన జ్వరం వస్తాయి. డబ్బా మీద పేరు చదివి, మిగిలినవి ఉంటే తాళం వేసే అలమరలో పెట్టండి, కుండీల పైమట్టి ఒక అంగుళం తీసి మార్చేయండి. గులకరాళ్లు కూడా తీసేయడమే మంచిది. కుక్కపిల్లలు వాటిని మింగుతాయి, పేగుకు అడ్డం పడితే ఆపరేషన్ తప్పదు.

శ్రావణి_మిద్దె
కాక్టస్‌ల పక్కనే పెట్టే మిగతా మొక్కల సంగతి కూడా చెప్పగలరా? మా ఇంట్లో కలబంద, జేడ్, రణపాల, ఎడారి గులాబీ ఉన్నాయి. కుక్కలున్న ఇళ్లలో ఇవన్నీ మామూలుగానే కనిపిస్తాయి కదా.

కడియపులంక_నర్సరీ
ఎడారి గులాబీ అంటే ఎడీనియం, అది గన్నేరు కుటుంబానిదే. కాక్టస్ కుండీలతో కలిపి అమ్ముతారు కానీ దాని పాలు గుండె మీద పనిచేస్తాయి. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాల మొనలకు పూసుకునేవారు. కుక్క ఉన్న ఇంట్లో అది నేల మీద ఉండకూడదు.

పశువైద్యురాలు_గుంటూరు
రణపాల కూడా గుండెకు హాని చేసేదే. కిడ్నీలో రాళ్లకు మంచిదని ఆకులు నమిలేవారు చాలామంది ఉన్నారు, అందుకే ఇంటింటా కనిపిస్తుంది, అందుకే కుక్కకూ హాని ఉండదని అనుకుంటారు. కలబంద గుజ్జు కంటే పట్ట కింద ఉండే పసుపు జిగురు విరేచనాలు కలిగిస్తుంది. జేడ్ తింటే వాంతులు, తూలడం వస్తాయి. అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ జాబితాలో కలబందా జేడ్ రెండూ కుక్కలకు విషమొక్కల కిందే ఉన్నాయి. హవోర్థియా, ఎచెవేరియా మాత్రం అదే జాబితాలో హాని లేనివిగా ఉన్నాయి. సక్యులెంట్ల మీద మీకు ఇష్టం ఉంటే వాటితో బాల్కనీ నింపుకోండి.

ప్రాణం తీసే మొక్కలు ఏవని నన్ను అడిగితే, గన్నేరునూ, ఇళ్ల ముందు అందంగా నాటుకునే సైకస్‌నూ చెబుతాను. సైకస్ గింజ ఒకటి రెండు తిన్నా కాలేయం దెబ్బతింటుంది. వాటి ముందు మీ మూన్ కాక్టస్ లెక్కలోకే రాదు.

రెండు_తోకలు
ముళ్లు లేని కాక్టస్ కావాలనుకునేవారికి క్రిస్మస్ కాక్టస్ ఉంది. అది ఎడారి మొక్క కాదు, బ్రెజిల్ తీరపు అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగేది, కాబట్టి మండుటెండ కంటే నీడే దానికి ఇష్టం. మా లాబ్రడార్ దాని కొమ్మలు రెండు తినేసి ఏమీ జరగనట్లు వచ్చి అన్నం గిన్నె ముందు కూర్చుంది.

బాల్కనీ_తోట
అందరి మాటలూ చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. మూన్ కాక్టస్‌ను గోడకు బిగించిన ఎత్తైన అరలోకి మార్చాను, కింద ఎక్కడానికి వీలుగా ఉన్న స్టూలును తీసేశాను. గులకరాళ్లూ పైమట్టీ తీసేశాను. నత్తల గుళికల డబ్బా మీద మెటాల్డిహైడ్ అనే ఉంది, అది ఇప్పుడు తాళంలో ఉంది. పిల్ల కొరుక్కోవడానికి రబ్బరు బొమ్మా, ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్టూ ఇస్తున్నాను. బన్నీ ఇయర్‌ను పెంపుడు జంతువులు లేని మా ఆడపడుచుకు ఇస్తున్నాను, నూగు ముళ్ల సంగతి ముందే చెప్పాను. మూడు పలకల మొక్క మాత్రం నా నడుము ఎత్తు ఉంది, ఎవరూ తీసుకెళ్లలేమంటున్నారు. కొట్టి ముక్కలు చేసి చెత్తలో వేయవచ్చా?

కడియపులంక_నర్సరీ
కొట్టవలసి వస్తే కుక్కను వేరే గదిలో ఉంచి తలుపు వేసి, నిండు చేతుల చొక్కా, తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి. కింద పాత వార్తాపత్రికలు పరవండి. కోసిన చోట చన్నీళ్లు చల్లితే పాలు కారడం తగ్గుతుంది. ముక్కలను రెండు మూడు రోజులు అందని చోట ఎండనిచ్చి, పత్రికల్లో చుట్టి, గట్టి సంచిలో మూతి కట్టి, చెత్త బండి వచ్చినప్పుడు నేరుగా వాళ్ల చేతికే ఇచ్చి లోపల ఏముందో చెప్పండి. వీధి మూల కుప్పలో మాత్రం వేయకండి, అక్కడ సంచులు చించేది వీధి కుక్కలూ ఆవులే. అంతకంటే ముందు మీ దగ్గరలోని ఏదైనా నర్సరీకి ఫోన్ చేసి చూడండి, నడుము ఎత్తు ట్రైగోనాను ఆటో పంపించి మరీ తీసుకెళ్లేవారు ఉంటారు.